ముడి మూట

కట్టెను తూకం మీదికి ఎత్తే ముందు అండాలు దాన్ని ఒకసారి గచ్చుకేసి కొట్టింది. ఖంగుమంది. పచ్చి కట్టె అయితే మొద్దుగా దబ్బుమంటుంది. ఇది నిలువునా ఎండిన నీలగిరి, చెవులున్న వాడెవడైనా ఎండు కట్టె అనే చెబుతాడు. ఈ రోజు అండాలు వినకూడదనుకున్న మోత అదే.

"ఎట్లున్నయక్కా కట్టెలు?" షట్టరు కింద నిలబడి అడిగాడు సురేందర్. లాండ్రీ అతనిదే.

"మంచిగనే ఉన్నయ్ సార్."

"మంచిగనే ఏంది! రేగొండల నేనే నిలవడి ఏరి ఏరి ట్రాలీ ఎక్కిచ్చిన. సుక్క నీళ్లు లెవ్వు. ఇయ్యాల గూడ పచ్చి కట్టె అని రాస్తే నేను ఒప్పుకోనక్కా."

నవ్వుతూనే అన్నాడు. అండాలు తర్వాతి కట్టె అందుకుంది.

తూచిన కట్టెనంతా బాయిలరు గది గోడకు ఆనించి పేర్చాక, సురేందర్ జేబులోంచి సుద్దముక్క తీసి గోడ మీద మోకాలెత్తున అడ్డంగా ఒక గీత గీశాడు. గీత పొడుగునా సుద్దపొడి రాలింది.

"మాపటికి పనంత అయినంక కట్టె ఈ గీతకు మీదనే ఉండాలె. ఉంటే దవాఖానోళ్లకు సరే అంట. కిందికి వోయిందనుకో, ఇగ బోర్డు పీకుడే."

భూపాలపల్లి ఊరి చివర రేకుల షెడ్డు అది. ఉతికే మెషీన్లు రెండు, ఆరబెట్టే డ్రమ్ము ఒకటి, దుప్పట్లు ఇస్త్రీ అయ్యే పొడుగాటి రోలరు ఒకటి, వాటన్నిటికీ ఆవిరి పంపే కట్టెల బాయిలరు. ఏదీ కొత్తది కాదు. బొగ్గు గనుల గెస్ట్‌హౌస్ దుప్పట్లు, ఫంక్షన్ హాళ్ల కుర్చీ గుడ్డలు కొంత వచ్చినా, లాండ్రీ బతికేది మాత్రం ఒక ప్రైవేటు దవాఖాన బట్టల మీద. ఆ దవాఖాన వాళ్లు వచ్చే నెల నుంచి రేటు తగ్గించమన్నారు. మీరు కాదంటే హన్మకొండ లాండ్రీ వాళ్లు సిద్ధంగా ఉన్నారని కూడా చెప్పారు. కట్టె ఖర్చు తగ్గితేనే ఆ రేటు గిట్టుతుంది, జవాబు ఈ సాయంత్రం ఇవ్వాలి.

సురేందర్ తండా నుంచి హైదరాబాదు పోయి, ఒక పెద్ద హోటలు లాండ్రీలో ఏళ్ల తరబడి పనిచేసి వచ్చినవాడు. బట్టలు ఉతకడం కన్నా ఉతికినదాన్ని రాసిపెట్టడం అక్కడ ఎక్కువ నేర్చుకున్నాడు. ఏ గిరాకీ, ఎన్ని కిలోల మాసిన బట్ట, ఎన్ని ట్రిప్పులు, ఎంత సోడా, ఎంత సబ్బుపొడి, కరెంటు మీటరు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది, నీళ్లెన్ని, కట్టెలెన్ని, అన్నీ పుస్తకంలోకి ఎక్కాల్సిందే. "రాయంది కాలిపోయినట్టే" అంటాడు. ప్రతి వరస చివరా కారణం అని ఒక గడి పెట్టించాడు. ఏదైనా లెక్క మీరితే ఎందుకు మీరిందో అందులో రాయాలి. మిగతావన్నీ ఒద్దికగానే నడుస్తున్నాయి. నెల దాటి కట్టె ఒక్కటే లెక్క మీరుతోంది. ఆ గడిలో అండాలు గుండ్రటి అక్షరాలతో ఒకే మాట రాస్తూ వచ్చింది, పచ్చి కట్టె అని.

అది అబద్ధం. కట్టె పచ్చిదీ కాదు, బాయిలరు పాడైందీ లేదు. అసలు కారణం ఆ బాయిలరు ముందే గొంతుక్కూర్చుని మూకుడంత తలుపు తెరిచి మంట చూస్తున్నాడు. అతని పేరు మొగిలి. అండాలుకు సొంత అన్న.

మొగిలికి అరవై దగ్గర పడ్డాయి. మోచేతుల నుంచి కిందికి చర్మం నీళ్లలో నాని నాని తెల్లబారి ఉంటుంది, మోచేతుల పైన మామూలు మనిషి రంగు. చెరువు రేవులో బండ మీద బట్ట కొట్టిన చేతులవి. తండ్రి పోయేనాటికి అండాలు పలకా బలపం పిల్ల. ఇంటి పెద్దలు ఆమెనూ రేవుకు తోలమంటే మొగిలి ఒప్పుకోలేదు. "అది సదువుకుంటది, దాని మూట గూడ నేనే కొడత" అన్నాడు. కొట్టాడు కూడా. ఆమె ఏడో తరగతి దాకా చదివిందంటే అది ఆ చేతుల చలవే. తర్వాత పెళ్లయింది, పెళ్లి నిలవలేదు, మళ్లీ అన్న ఇంటి వైపుకే వచ్చి పడింది. లాండ్రీ పెట్టినప్పుడు ఇస్త్రీకి కుదిరిన అండాలు, అక్షరాలు బాగున్నాయని సురేందర్ కలం చేతికిస్తే తూకం దగ్గర కుర్చీలో కూర్చుంది. రేవు బట్ట తగ్గిపోయి పని లేక తిరుగుతున్న అన్నను బతిమాలి తెచ్చి బాయిలరు దగ్గర పెట్టించింది కూడా ఆమే. అన్న పోసిన కూడు తిని నేర్చిన చదువుతో ఇప్పుడు అన్న కాల్చే కట్టెనే తూచి రాయవలసి వచ్చింది. కలం పట్టుకున్నప్పుడల్లా ఆ సంగతి ఆమె మనసులో ఎక్కడో కలుక్కుమంటూనే ఉంటుంది.

బాయిలరంటే మొగిలికి కొత్త కాదు. రేవులో బాన మీద మాసిన బట్టలు పేర్చి, కింద మంట పెట్టి ఆవిరికి ఉడికించేవాళ్లు. దాన్నే ఉబ్బ అనేవాళ్లు. ఈ ఇనప బాన ముందు కూర్చున్న మొదటి రోజే దాని మనసు కనిపెట్టాడు. ఆవిరి మీటరు ముల్లు చూడడు, చప్పుడు వింటాడు. సాధారణంగా అతని చేతిలో ఒక్క పుల్ల కూడా దండగ కాదు. వచ్చిన చిక్కల్లా ముడి మూట దగ్గరే.

వాళ్ల ఇంటి పద్ధతి ఒకటుంది. చచ్చినవాళ్ల మీది బట్ట బతికినవాళ్ల బట్టతో కలిపి వెయ్యరు. దానికి వేరే ఉబ్బ, వేరే నీళ్లు. తండ్రి అట్లా చేశాడు, మొగిలీ అట్లానే చేశాడు. దవాఖాన బట్ట వచ్చిన కొత్తలో ఏ దుప్పటి ఎవరిదో తెలియక మొగిలికి అన్నం సహించలేదు. చివరికి అక్కడ ఆయాగా చేసే మార్తమ్మను అడిగాడు. ఆమె చర్చికి పోయే మనిషి, ఈ పద్ధతులు ఆమెవి కావు. అయినా వినగానే కళ్లలో నీళ్లు పెట్టుకుని, "గట్లనే అన్నా, మనిషి పోయిన మంచం మీది బట్టను వేరే మూట గట్టి రెండు ముళ్లేస్త" అంది. అప్పటి నుంచీ రెండు ముళ్ల మూట వచ్చిన రోజున, పని అంతా అయ్యి సురేందర్ బట్టలు ఇవ్వడానికి బయటికి పోయాక, మొగిలి చిన్న మెషీన్లో అదొక్కటే వేసి ఆవిరి పట్టేవాడు. మూట ఒకటైనా వంద అయినా బాయిలరు ఆకలి మాత్రం ఒకటే. దానికి కావలసిన కట్టె అది తినాల్సిందే.

అండాలు ఈ సంగతి సురేందర్‌కు చెప్పలేదు. చెబితే వద్దంటాడు, వద్దంటే మొగిలి వినడు. వినకపోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఇంతకు ముందు టెంటు హౌసులో ఇట్లాగే ఒక మాట పట్టుకుని పని వదిలేసి వచ్చిన ఘనుడే. ఈ వయసులో ఇంకెవరు పెట్టుకుంటారు? అందుకని పాము చావకుండా, కట్టె విరగకుండా ఆమె పచ్చి కట్టె అని రాసుకుంటూ వచ్చింది. ఈ రోజు ఎండు కట్టె వచ్చి కూర్చుంది.

గెస్ట్‌హౌస్ దుప్పట్లు మొదటి ట్రిప్పులో పడ్డాయి. బొగ్గు నలుపు దిండు గలీబుల మీద తలల ఆకారంలో అంటుకుని ఉంది. తూచింది, రాసింది, సోడా కొలిచి పోసింది. మెషీన్ తిరుగుతున్నంతసేపూ ఆమె చూపు కట్టె మీదికి, కట్టె నుంచి గీత మీదికి పోతూనే ఉంది. ఎండు కట్టె కదా, మంట గలగలా పట్టుకుంది. మొగిలి ఒక్కో కట్టెను ఆచితూచి వేస్తున్నాడు. ఈ లెక్కన గీతకు జానెడు పైనే నిలబడుతుంది, ముడి మూట రాకపోతే.

ఇయ్యాల ఎవ్వరూ పోవద్దు దేవుడా అని మొక్కుకుంది అండాలు. మొక్కుకున్నాక సిగ్గేసింది. మనుషుల ప్రాణాల మీద జాలితో మొక్కిన మొక్కు కాదది, కట్టె కోసం మొక్కింది. దేవుడికి ఆ మాత్రం తెలియదా!

మధ్యాహ్నం ఇద్దరూ బాయిలరు గది గుమ్మంలో సద్ది విప్పారు. పచ్చిపులుసు, అన్నం, వేయించిన ఎండు మిరపకాయలు. రోలరు దగ్గరి ఆడపిల్లలు దూరంగా కూర్చుని ఫోన్లో ఏదో చూసి నవ్వుతున్నారు. అండాలు నాలుగు ముద్దలు తిని ఆగింది.

"అన్నా, ఒక్క మాట. ఇయ్యాల ముడి మూట వస్తే రేపటికి ఆపుదమా?"

"ఎందుకే?"

"సారు కట్టె తూకం పెట్టిండు గద. గీత గీసిండు, సూసినవ్ గద."

"గీసుకోనీ. అది నా కంట్ల పడ్డంక పక్కకు వెట్టి ఇంటికి వోయి పండుకుంటనా?" మొగిలి మిరపకాయ కొరికాడు. "అయినా సారుకు తెల్వదా ఏంది? దినాం సదువుతడు గద నువ్వు రాసింది. ఇన్ని దినాల్ల ఒక్క మాటన్నడా? ధర్మాత్ముడే వాడు. తండాల పుట్టినోనికి సావు బతుకులు తెల్వయా!"

అండాలు ముద్దను గిన్నెలోనే పెట్టేసింది. మొగిలికి చదువు రాదు. కారణం అనే గడి ఒకటుందని అతనికి తెలుసు. అందులో చెల్లెలు ఉన్నదున్నట్టు రాస్తోందని, సురేందర్ చదివి ఊరుకున్నాడంటే ఒప్పుకున్నట్టేనని అతని నమ్మకం. ఇన్నాళ్లూ అతను దొంగచాటుగా చేసిందేమీ లేదు. దొంగతనమంతా ఆమె రాతలోనే ఉంది. ఇప్పుడు చెప్పేయాలనుకుంది. నీళ్లు తాగి, మాట మింగేసింది.

"తిను, సల్లారుతుంది" అన్నాడు మొగిలి, పచ్చిపులుసు ఎప్పుడు వేడిగా ఉందని.

దవాఖాన ఆటో వచ్చేసరికి మొగిలి వెనక వైపు బూడిద ఎత్తిపోస్తున్నాడు. మూటలతో పాటు మార్తమ్మ కూడా దిగింది. లెక్క మీద సంతకం చేయించుకోవడానికి వారానికోసారి వస్తుంది. అండాలు మూటలను ఒక్కొక్కటే తూకం మీదికి లాగింది. ఒక ముడి, ఒక ముడి, ఒక ముడి. ఊపిరి కాస్త తేలికపడుతుండగా అన్నిటికన్నా చిన్న మూట అడుగు నుంచి బయటపడింది. దానికి రెండు ముళ్లు.

"టేకుమట్ల దిక్కు ముసలామె అక్కా" అంది మార్తమ్మ గొంతు తగ్గించి. "వారం దినాలు ఒక్కతే పండుకున్నది. పక్క మంచపోళ్లు గంజి తాపిండ్రు. పొద్దుగాల సల్లబడ్డది. ఎవ్వరు రాలే, వస్తరో రారో గూడ తెల్వదు. మొగిలన్నకు చెప్పు జర."

"చెప్త" అంది అండాలు.

మార్తమ్మ సంతకం తీసుకుని అదే ఆటోలో పోయింది. వెనక పార బూడిదలో గీరుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. పెద్ద మెషీన్ తలుపు తెరిచే ఉంది, మూడు వంతులు నిండింది. అండాలు చిన్న మూట ముందు కూర్చుంది. మొదటి ముడి తేలిగ్గా వచ్చింది. రెండోది రాలేదు, మార్తమ్మ గట్టిగా బిగించినట్టుంది. గోరు పెట్టి, పంటితో లాగి విప్పింది. రెండు దుప్పట్లు, ఒక గలీబు. ఏ మరకా లేదు. ఎక్కువ కదలకుండా పడుకున్న మనిషి పరుపు దుప్పటిలా మధ్యలో మాత్రం కొద్దిగా నలిగి ఉంది. పార చప్పుడు ఆగింది. ఆమె వాటిని మిగతా దుప్పట్ల మధ్యకు తోసి, తలుపు మూసి, మీట నొక్కింది. గాజు వెనక నీళ్లు ఎక్కాయి. తెల్లవన్నీ ఒకదాన్నొకటి చుట్టుకుని తిరగడం మొదలుపెట్టాయి.

మొగిలి ముఖాన బూడిదతో లోపలికి వచ్చాడు. "వచ్చిందా?"

"రాలే."

అతని ముఖమంతా విప్పారింది. "అయితే ఇయ్యాల అందరు బతికిండ్రు" అని నవ్వి, బాయిలరు దగ్గరికి పోయి కూర్చున్నాడు. అండాలు తూకం వైపు తిరిగి, దాని మీద ఏమీ లేకపోయినా అంకెలు చూస్తున్నట్టు వంగింది. అన్న సంతోషం ఆమెను కాల్చినంతగా ఆ బాయిలరు ఎవరినీ ఎప్పుడూ కాల్చి ఉండదు.

పొద్దు వాలేసరికి చివరి దుప్పటి రోలరు మీది నుంచి దిగింది. మడతలన్నీ బల్ల మీద తెల్లగా దొంతరలై నిలబడ్డాయి. ఆడపిల్లలు చేతి సంచులు తీసుకుని వెళ్లిపోయారు. సురేందర్ మిర్చి బజ్జీల పొట్లంతో వచ్చాడు. పొట్లం అండాలు చేతిలో పెట్టి, నేరుగా గోడ దగ్గరికి పోయి వంగి చూశాడు. కట్టె గీతకు జానెడు పైన ఉంది. ఫోన్లో అంకెలు కొట్టి, కొట్టినవి మళ్లీ కొట్టి చూశాడు. అప్పుడు ఒక పెద్ద ఊపిరి వదిలాడు.

"అక్కా, బతికినం పో! మొగిలన్నా, నీ చెయ్యే చెయ్యి. దినాం గిట్లనే ఉండాలె."

"ఎండు కట్టె గద సార్" అన్నాడు మొగిలి మొహమాటంగా.

సురేందర్ అక్కడి నుంచే దవాఖాన మేనేజరుకు ఫోన్ చేసి, ఆ రేటుకే చేస్తామని చెప్పాడు. సంతకం ఇప్పుడే పెట్టి వస్తానంటూ బండి తీశాడు. అతని వెనక పొగ కూడా ఆనందంగా పోయినట్టే అనిపించింది. అండాలు బజ్జీ తీసి అన్నకిచ్చింది. ఉద్యోగం నిలబడింది. ఏదో ఒకనాడు, మంచి మూడ్‌లో ఉన్నప్పుడు, సురేందర్‌తో అసలు సంగతి చెప్పి, నెలకోసారైనా వేరే ఉబ్బకు ఒప్పించవచ్చు. అట్లా అనుకుంటూ ఉండగానే మొగిలి చొక్కా జేబులో ఫోన్ మోగింది.

"ఆ, మార్తమ్మా." అతను విన్నాడు. చేతిలో బజ్జీ అట్లాగే ఉంది. "ఏ ముసలామె?" మళ్లీ విన్నాడు. "రెండు ముళ్లేసినవా? ... ఆ. ఆ. చేస్త."

ఫోన్ జేబులో పెట్టుకుని చెల్లెలి వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. కోపం ఉంటే అండాలు తట్టుకునేది.

"ముడి ఎవలిప్పిండ్రు?"

"నేనే అన్నా."

"ఏడున్నయ్?"

ఆమె బల్ల వైపు చెయ్యి చూపించింది. దవాఖాన దుప్పట్లు అన్నీ ఒకే తెలుపు, ఒకే కొలత, ఒకే మడత. అందులో ఏ రెండు ఆ ముసలామెవో దేవుడు దిగి వచ్చినా చెప్పలేడు. మొగిలి దొంతరల ముందు నిలబడి, పై దుప్పటిని ఒకసారి తడిమి చూశాడు. తర్వాత బజ్జీని పొట్లంలో పెట్టేసి, చేతులు కడుక్కుని, మొదటి దొంతరను గుండెకు హత్తుకుని ఎత్తాడు.

"అన్నా, ఏం చేస్తున్నవ్?"

"ఏది ఆమెదో తెల్వనప్పుడు అన్ని ఆమెవే."

"సారు సంతకం వెట్టనీకె వోయిండే! కట్టె గీత దిగుతది. నీ కాల్మొక్త అన్నా, నీ కోసమే చేసిన. నిన్ను తీసేస్తరనే చేసిన!" ఆమె కట్టెకు అడ్డంగా నిలబడింది. మొగిలి ఆమెను తోయలేదు. రెండో దొంతర, మూడో దొంతర మెషీన్లలో వేసి వచ్చి, ఆమె ముందు చేతులు చాపి ఆగాడు. చిన్నప్పుడు రేవు నుంచి వచ్చి అన్నం పెట్టమని అట్లాగే చేతులు చాపేవాడు. అండాలు పక్కకు జరిగింది. జరిగి, ఏం చేయాలో తెలియక, అతను ఎత్తబోతున్న కట్టెల మోపును తన చేతుల్లోకి తీసుకుని తూకం మీద పెట్టింది. అంకె చూసింది. రాసింది. అప్పుడు అతనికి అందించింది. తూచందే కట్టె పొయ్యిలోకి పోకూడదన్నది అక్కడి రూలు. ఇన్నాళ్లకు మొదటిసారి ఆ ఉబ్బ కట్టెకు ఆమె అబద్ధపు కారణం రాయడం లేదు. మోపు తర్వాత మోపు తూచి ఇస్తూ, వెక్కుతూ, రాస్తూ పోయింది. కట్టె గీతకు దిగింది. గీత దాటింది.

పొగగొట్టం నుంచి పొగ చూసి ఉంటాడు, సురేందర్ బండి స్టాండు కూడా వేయకుండా లోపలికి వచ్చాడు. తిరుగుతున్న మెషీన్లు చూశాడు, ఖాళీ బల్ల చూశాడు, గోడ చూశాడు.

"ఏందక్కా ఇది?"

అండాలు చెప్పింది. మార్తమ్మ ముడి, చచ్చినవాళ్ల ఉబ్బ, ఈ రోజు తాను విప్పిన మూట. సురేందర్ పుస్తకం అందుకుని పాత పేజీలు తిప్పాడు.

"అంటే నెల సంది పచ్చి కట్టె అని రాసింది..."

"అబద్ధమే సార్."

మంట దగ్గర మొగిలి తల తిప్పాడు. "పచ్చి కట్టె అని రాసినవా?" అన్నాడు నెమ్మదిగా. "నేను సచ్చినోళ్ల ఉబ్బ అని రాసినవనుకున్న గదనే. సారు సదివి ఊకున్నడనుకున్న. నేనేమన్న దొంగతనం చేసిననా, దాసెటందుకు?"

అన్న బతుకు కాపాడబోయి అన్న చేసిన పనిని దొంగపనిగా మార్చింది తానే. అతని ముఖంలోకి చూడలేక అండాలు గోడ మీది గీతను చూస్తూ నిలబడింది.

సురేందర్ బోర్లించిన బకెట్టు మీద కూలబడ్డాడు. "అక్కా, నీ లెక్క మీద మాటిచ్చి వస్తున్న ఇప్పుడే" అన్నాడు. అరిచినా బాగుండేది. "ముందే చెప్తే ఏమందునో నాకే తెల్వదు. వద్దందునేమో. కాని అడగాలె గద? ఇప్పుడు ఈ రేటుకు ఒక్క మూట గూడ వేరే వేసే గతి లేదు మొగిలన్నా. ఇగ కలిపే వెయ్యాలె."

"నిజమే సార్" అన్నాడు మొగిలి. "నీ కట్టె, నీ మెషీను. నీదేం తప్పు లేదు. ఈ ఒక్క ఉబ్బ దిగనియ్."

సురేందర్ తల ఊపాడు. ముగ్గురూ మెషీన్లు ఆగేదాకా అక్కడే ఉన్నారు. ఇంకో పుల్ల కాల్చకుండా మొగిలి ఆవిరి వదిలేసి, నిప్పులు బయటికి లాగి చల్లార్చి, తలుపు మూశాడు. తడి దుప్పట్లు డ్రమ్ములోకి ఎక్కించడానికి సురేందర్ కూడా చెయ్యి వేశాడు. ఆవిరి లేక కరెంటు మీద ఆరబెట్టాల్సి వచ్చింది, అది ఇంకో ఖర్చు.

"పుస్తకంల ఉన్నదే రాయక్కా" అన్నాడు సురేందర్. "నెల సందివి గూడ దిద్దు. రేపు నేను సదవాలె."

అండాలు కుర్చీలో కూర్చుంది. ఈ రోజు వరసలో కట్టె బరువు కూడింది. కారణం గడిలో, "టేకుమట్ల దిక్కు ముసలామె, పేరు తెలియదు. ముడి విప్పింది నేను" అని రాసింది. గడి చిన్నది, చివరి మాట గీత దాటి అంచుకు పోయింది. అంతసేపూ బయట కుళాయి దగ్గర మొగిలి కాళ్లు చేతులు కడుక్కుంటున్న చప్పుడు వింటూనే ఉంది. పాత పేజీలు వెనక్కి తిప్పి, పచ్చి కట్టె అన్న మాటను ఒక్కో చోటా కొట్టివేయడం మొదలుపెట్టింది. కొట్టివేసి, పక్కన అన్న చేసిన పని పేరు రాస్తోంది. అట్లా రాస్తూ, ఇంటికి పోయేటప్పుడు దారిలో అన్నతో ఏమనాలో వెతుక్కుంది. తప్పయిందన్నా అంటే చాలునా? కాళ్ల మీద పడితే లేపుతాడా?

కుళాయి చప్పుడు ఆగి చాలాసేపయిందని ఆమెకు ఆలస్యంగా తట్టింది.

బయటికి వచ్చి చూసింది. కుళాయి కింద గచ్చు తడిగా ఉంది. గేటు దగ్గరగా వేసి ఉంది. "మా అన్న ఏడి సార్?" అని అడిగింది.

"పోయిండక్కా. టేకుమట్లకు ఆఖరి బస్సున్నదట. ఆ ముసలామె మనుషులు ఎవలన్న దొరుకుతరేమో సూస్త అన్నడు. అక్కన్నే ఏదన్న పని సూసుకుంటడట." సురేందర్ నేల చూస్తూ అన్నాడు. "వద్దన్న. ఆగలే. దాన్ని తియ్యకుండ్రి, మంచిగ రాస్తది అన్నడు నీ గురించి."

అండాలు రోడ్డు దాకా పరుగెత్తింది. బొగ్గు లారీ ఒకటి ఎదురుగా వచ్చి, దుమ్ము రేపి పోయింది. బస్సు లేదు, మనిషి లేడు. వెనక్కి వచ్చి, దీపం ఆర్పుదామని బాయిలరు గదిలోకి అడుగు పెట్టింది.

ఆవిరి పైపు మీద మొగిలి తువ్వాల ఉతికి, పిండి, అంచులు సరిచేసి ఆరేసి ఉంది. పైపును ముట్టుకుంది. చల్లబడిపోయింది, తువ్వాల కొస నుంచి నీళ్లు ఇంకా కారుతున్నాయి.